జింక బొమ్మ సరే, చేను ఎవరిది?

మన ఐటీ జనాలకి ఈమధ్య కొత్త జబ్బొకటి పట్టుకుంది. వెనకటికి బోనస్ చేతికొస్తే ఘట్‌కేసర్ దాటాక ఎక్కడో ఓ ప్లాటు కొనేవాళ్ళు. ఇప్పుడు లెన్సు కొంటున్నారు. తప్పేం లేదు లెండి, ప్లాటుకున్నన్ని తగాదాలు లెన్సుకి లేవు. కాకపోతే కొన్నాక దాన్ని వాడాలి కదా! శనివారం తెల్లారుజామున గచ్చిబౌలిలో కారెక్కితే పొద్దెక్కేసరికి మక్తల్ దాటి కృష్ణా తీరం చేరిపోవచ్చు. అక్కడ నల్లరేగడి చేలల్లో పదులకొద్దీ కృష్ణజింకలు. టికెట్టు లేదు, గేటు లేదు, గైడు లేడు. సోమవారం పొద్దున ఆఫీసు గ్రూపులో ఫోటో ప్రత్యక్షం: నాలుగు కాళ్ళూ గాల్లో, మెలితిరిగిన కొమ్ములు, వెనకాల లేత ఎండ. కింద నలభై బొటనవేళ్ళు.

నాకు మాత్రం ఆ ఫోటో చూడగానే రెండు ప్రశ్నలొస్తాయి. ఆ జింక ఎందుకు ఎగిరింది? దాని కాళ్ళ కింద పచ్చగా కనిపిస్తున్నది ఏమిటి? మొదటిదానికి జవాబు చాలాసార్లు ఫ్రేములో లేని కారు. రెండోదానికి జవాబు గడ్డి కాదు, కంది. లేకపోతే పత్తి. ఎవరో ఒకాయన అప్పు తెచ్చి వేసినది.

ఈ గొడవ నాకెందుకంటారా? మాది భువనగిరి. మా పెద్దనాయన అడవి పందుల బాధ పడలేక వేరుశెనగ వేయడమే మానుకున్నాడు. అది ఒక కారణం. రెండో కారణం కొంచెం వింతగా ఉంటుంది. ఉద్యోగం పేరుతో పెన్సిల్వేనియాలో ఉన్న కొన్నేళ్ళు నేను తిరిగింది వేటగాళ్ళతో. నేను తుపాకీ పట్టలేదు, పట్టాలనీ లేదు. వాళ్ళ కూడా వెళ్ళింది జింకల్ని వెతకడానికి, వీడియో తీయడానికి. జంతువుని ఎలా చూడాలో, అంతకన్నా ముందు దాని చుట్టూ ఉన్న మనుషుల్ని ఎలా చూడాలో నేను నేర్చుకున్నది వాళ్ళ దగ్గర. మన లెన్సుల బృందాలకి కాస్త ఆ పాఠం చెబుదామని ఈ రాత.

ముందు పేర్ల గందరగోళం ఒకటి తేల్చుకుందాం. మనం జింక అనే ఒక్క మాటలో అన్నీ కుక్కేస్తాం. అమెరికాలో ఉన్న తెల్లతోక జంతువు నిజానికి దుప్పి జాతి. ఏటా చలికాలంలో దాని కొమ్ములు రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. మన చుక్కల దుప్పి, కణితి కూడా ఆ కుటుంబమే. కృష్ణజింక అది కాదు. దాని కొమ్ములు పుట్టి పెరిగినవే, రాలవు, ఆ లెక్కన అది మేకకీ ఆవుకీ చుట్టం. పాత తెలుగులో మగదాన్ని ఇర్రి అనీ ఆడదాన్ని లేడి అనీ ముచ్చటగా పిలిచేవాళ్ళు. రాష్ట్రం వచ్చాక 2014లో తెలంగాణ జింకని రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. బొమ్మ చూస్తే చుక్కల దుప్పి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. అంటే నారాయణపేట రైతు చేలో మేస్తున్నది పక్క రాష్ట్రపు రాజముద్ర అన్నమాట. రైతుకి ఈ సరిహద్దు చమత్కారం ఏమీ నవ్వు తెప్పించదు.

సరే, పెన్సిల్వేనియా సంగతి. అక్కడ దుప్పి వేట మన సంక్రాంతి లాంటిది. తుపాకీ వేట థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యేది, చాలా ఊళ్ళలో ఆ రోజు బడికి సెలవు. 2019 నుంచి దాన్ని శనివారానికి జరిపారు, అయినా సోమవారం సెలవు చాలాచోట్ల అలాగే ఉండిపోయింది. మా టీములో టెస్టింగ్ చూసే పెద్దాయన ఒకడు ఏడాదంతా సెలవు పెట్టడు, నవంబరులో మాత్రం కనపడడు. రిలీజు ఉన్నా సరే. మేనేజరు కూడా అడగడు, ఎందుకంటే ఆయనా అడవిలోనే ఉంటాడు.

అయితే వేట అంటే నవంబరులో నాలుగు రోజులు అనుకుంటే పొరపాటు. అసలు పని ఆగస్టులో మొదలవుతుంది. దాన్ని వాళ్ళేమంటారో గానీ మనకి చక్కటి మాట ఉంది: జాడ తియ్యడం. ఎండాకాలం చివర్లో మగ దుప్పులు గుంపులుగా తిరుగుతాయి, కొమ్ముల మీద ఇంకా మెత్తటి నూగుచర్మం ఉంటుంది. సాయంత్రం సోయా చేల అంచులకి వస్తాయి. ఈ వేటగాళ్ళు ఒకళ్ళ ఊరికి ఒకళ్ళు వెళ్తారు. ఇద్దరు ముగ్గురు పికప్ ట్రక్కులో దూరంగా ఆగి, టెలిస్కోపు లాంటిది కిటికీకి తగిలించి, దానికి ఫోనో కెమెరానో పెట్టి గంటలకొద్దీ తీస్తారు. తుపాకీ ఇంట్లోనే. కారు దిగరు, తలుపు చప్పుడు చెయ్యరు. గాలి తమ వైపు నుంచి చేను వైపు వీస్తుంటే ఆ రోజుకి వెనక్కి తిరిగి వచ్చేస్తారు. నూటయాభై మైళ్ళు వచ్చి కూడా! మొదటిసారి అలా వెనక్కి తిరిగినప్పుడు నాకు ఒళ్ళు మండింది. "నీ వాసన దానికి అందితే ఈ సీజనంతా అది ఈ చేను మొహం చూడదు, మనం చూడ్డానికొచ్చాం, తరమడానికి కాదు" అన్నాడు పెద్దాయన.

ఇంటికొచ్చాక అసలు మజా. మేకులకీ కంచె గుంజలకీ బిగించిన కెమెరాల నుంచి కార్డులు తీసుకొచ్చి ఫైళ్ళన్నీ సర్దుతారు. తేదీ, గంట, గాలి దిక్కు, చలి ఎంత, ఎటు నుంచి వచ్చింది, ఎటు పోయింది. ఒక్కో మగ దుప్పికీ మూడేళ్ళ చరిత్ర. ఫలానా చెట్టు బెరడుని కొమ్ములతో ఎప్పుడు గీకింది, ఫలానా కొమ్మ కింద నేలని కాలితో ఎప్పుడు గీరింది. మా ప్రాజెక్టులో బగ్ రిపోర్టు అంత శ్రద్ధగా రాసినవాడిని నేనింతవరకు చూడలేదు. కొమ్ములు చూసి వయసు చెప్పకూడదట, మెడ, వీపు, పొట్ట చూసి చెప్పాలట. ఇదంతా చేసి, చివరికి ఆ దుప్పి కనబడ్డప్పుడు "ఇంకా చిన్నది, వచ్చే ఏడు చూద్దాం" అని వదిలేసినవాళ్ళు నాకు తెలుసు.

వాళ్ళ మధ్య రాయని కట్టుబాట్లు రెండున్నాయి. ఎవడైనా తన వేటస్థలానికి నిన్ను జాడ తీయడానికి తీసుకెళ్తే అక్కడ నువ్వు వేటాడకూడదు. నువ్వు తీసిన వీడియోలో గుర్తుపట్టే గుట్ట, సైలో, రోడ్డు బోర్డు ఏమున్నా బయట పెట్టకూడదు. మూడోది కట్టుబాటు కాదు, పద్ధతి. అది నాకు అన్నిటికన్నా నచ్చింది. చేను ఎవరిదైతే వాళ్ళ తలుపు తట్టాలి. జూలైలోనే వెళ్ళి అడుగుతారు. ఊరికే అడగరు. ఒక రోజు కంచె బాగుచేస్తారు, ఎండుగడ్డి మోపులు ఎత్తిస్తారు, సీజను అయ్యాక మాంసం సాసేజీలు చేయించి ఇచ్చి వస్తారు. రైతు వద్దంటే వద్దు. పొలంలో దుప్పులు మరీ ఎక్కువైపోతే రైతే వేటగాళ్ళని పిలుచుకునే పథకం కూడా ఆ రాష్ట్రంలో ఉంది. అంటే జంతువు వల్ల ఒకడికి సరదా, ఇంకొకడికి నష్టం అయినప్పుడు ఆ ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునే ఏర్పాటొకటి ఉంది.

ఇది చెప్తే మన తెలుగు మిత్రులు ఒప్పుకోరు. వారాంతపు పాట్‌లక్కులో నన్ను ఒక హంతకుల ముఠా సభ్యుడిలా చూసేవాళ్ళు. "పాపం అంత అందమైన మూగజీవాన్ని ఎలా చంపుతార్రా" అని అడిగినావిడ చేతిలో మటన్ బిర్యానీ పళ్ళెం ఉంది. మేక అందంగా ఉండదు కాబోలు. నేను శాకాహారుల్ని ఏమీ అనను, వాళ్ళ మాట వాళ్ళకి చెల్లుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో కొన్న కోడిని వండుకుంటూ వేటగాడిని తిట్టేవాళ్ళతోనే నా పేచీ.

చరిత్ర కూడా కొంచెం చూడాలి. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికన్లు దుప్పిని అమ్ముకోవడం కోసం చంపారు. తోలు, మాంసం, రైలెక్కించి పట్నాలకి. 1900 నాటికి దేశమంతా కలిపి ఐదు లక్షలో అంతకన్నా తక్కువో మిగిలాయని అంచనా. ఆ ఏడే లేసీ చట్టం వచ్చింది, దొంగ వేట సరుకు రాష్ట్రాలు దాటడం ఆగింది. అడవి దుప్పి మాంసం అంగట్లో అమ్మడాన్ని రాష్ట్రాలు ఒక్కొక్కటిగా మూసేశాయి. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం చేసి తుపాకుల మీదా తూటాల మీదా పన్ను వేశారు, పొడవాటి తుపాకులకీ తూటాలకీ 11 శాతం. ఆ డబ్బు తిన్నగా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి పోతుంది. ఇవాళ అక్కడ తెల్లతోక దుప్పులు మూడు కోట్లని లెక్క. మన తెలుగువాళ్ళ హోండాలకి అడ్డం పడేది వాటిలో కొన్నే.

అంతా బంగారం అనడం లేదు. మూడు కోట్లంటే అడవిలో మొలకెత్తిన ప్రతి లేత చెట్టునీ కొరికి పారేసే సంఖ్య. మెదడుని తినేసే ఒక రోగం, 1967లో కొలరాడోలో మొదట గమనించారు, ఇప్పుడు రాష్ట్రం తర్వాత రాష్ట్రానికి పాకుతోంది, పెన్సిల్వేనియాలో 2012లో బయటపడింది. ఇక కెమెరాల వెర్రి సంగతి చెప్పనక్కర్లేదు. చెట్టుకి కట్టిన కెమెరా నేరుగా ఫోనుకి బొమ్మ పంపే రోజులొచ్చాక, ఆఫీసులో కూర్చుని మీటింగులో దుప్పి కదలికలు చూసేవాళ్ళు తయారయ్యారు. అది వేటేనా అని వాళ్ళలో వాళ్ళకే తగువు. అరిజోనా అయితే 2022 జనవరి నుంచి వేట కోసం ఈ కెమెరాలు వాడటాన్నే నిషేధించింది. ఎడారిలో నీటిగుంట ఒక్కటుంటే దాని చుట్టూ ఇరవై కెమెరాలు, రోజంతా కార్డులు మార్చడానికి వచ్చే జనం, ఇక జంతువు నీళ్ళెప్పుడు తాగాలి? నాకు ఇందులో నచ్చిందేమిటంటే, చూడటం కూడా ఒక దెబ్బే అని వేటగాళ్ళ సమాజం ఒప్పుకోవాల్సి వచ్చింది. మన ఫోటోగ్రాఫర్లకి ఆ ఊహే ఇంకా తట్టలేదు. తుపాకీ లేదు కాబట్టి తాము నిర్దోషులమని వాళ్ళ గట్టి నమ్మకం.

మన దగ్గర కెమెరా, వేట కలిసి తిరిగిన చరిత్ర చిన్నదేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ షికారుకి పోతే ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ కూడా పోయేవాడు. 1902లో లార్డ్ కర్జన్ దంపతులు వరంగల్ దగ్గర నెక్కొండలో చచ్చిన పులి పక్కన నిలబడ్డ ఫోటో చాలామంది చూసే ఉంటారు. ఆ ఫోటోలో పులి ఉంది, దొరలున్నారు. పులి జాడ తీసినవాడు, డప్పు కొట్టి తోలినవాడు, రాత్రంతా మేల్కొన్నవాడు, వాళ్ళ పేర్లు మనకెవరికీ తెలీవు. ఇప్పటి మన సఫారీ ఫోటోలకీ దానికీ తేడా ఎంతని అప్పుడప్పుడు అనిపిస్తుంటుంది. చచ్చిన పులి బదులు బతికిన జింక, అంతే. జాడ చెప్పినవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

దీనికి పూర్తిగా భిన్నంగా ఒకాయన వచ్చాడు. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఇండియాలో ఇరుక్కుపోయాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశస్థుడని నిజాం రాజ్యం దాటి పోనివ్వలేదు. అలా 1940లో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్యకి చేరాడు. భార్య బెట్టీ కూడా ఉంది. విల్లంబులతో అడవిలో బతికే మనుషుల పెంటల్లో ఉండి, వాళ్ళతో నడిచి, వాళ్ళు దుంపలు తవ్వడం, వేటాడటం, తేనె తీయడం చూసి, ఫోటోలు తీసి 1943లో చెంచుల మీద పుస్తకం వేశాడు. అక్కడితో వదిలేయలేదు. వాళ్ళ హక్కుల గురించి నిజాం సర్కారుకి చెప్పాడు, చెంచుల కోసం ఆ పీఠభూమి మీద ప్రత్యేకంగా కొంత అడవి కేటాయించారు కూడా. ఆయన మీద విమర్శలు ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ బొమ్మలు తీసుకున్నవాడు బొమ్మల్లో ఉన్నవాళ్ళకి ఏదో బాకీ ఉన్నాడన్న స్పృహ ఆయనకుంది.

ఆ అడవే తర్వాత 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగమైంది. రాష్ట్రం విడిపోయాక మన వైపు 2,611 చదరపు కిలోమీటర్లు అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. ఇవాళ అక్కడ అటవీశాఖ తరఫున కాపలా తిరిగేవాళ్ళలో, జాడలు చూసేవాళ్ళలో చెంచులు ఉన్నారు. తాతలు దుప్పి కోసం చూసిన జాడనే మనవలు లెక్క కోసం చూస్తున్నారు. నన్నడిగితే అమ్రాబాద్‌లో సఫారీ టికెట్టు కన్నా విలువైనది వాళ్ళలో ఒకళ్ళతో నాలుగు మైళ్ళ నడక. అది బుకింగు సైట్లో దొరకదనుకోండి, అది వేరే విషయం.

ఇక్కడ ఎవరైనా "అయితే మన దగ్గర కూడా వేట తెరవాలంటావా" అని అడగొచ్చు. అననే అనను. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం రాకపోతే ఇవాళ ఫోటో తీసుకోవడానికి కూడా ఏమీ మిగిలేది కాదు. స్వతంత్రం వచ్చాక జీపులు, సెర్చిలైట్లు వచ్చి చేసిన పని నిజాములు కూడా చేయలేకపోయారు. అమెరికా లెక్కలు ఇక్కడ పనిచేయవు. మన జనసాంద్రత వేరు, మాంసానికి దొంగ బజారు ఇంకా ఉంది, ట్యాగులు లెక్కపెట్టే యంత్రాంగం లేదు. కాబట్టి నేను తెచ్చుకుందామంటున్నది తుపాకీ కాదు, తలుపు తట్టే అలవాటు.

ఎందుకంటే చట్టం ఒక పక్క గట్టిగా పనిచేసి రెండో పక్క ఖాళీ వదిలేసింది. కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు. మొదటి షెడ్యూలులో ఉన్నదాన్ని చంపడానికి అనుమతి ఇవ్వాలంటే అది మనిషి ప్రాణానికి ప్రమాదకరమన్నా అయ్యుండాలి, బాగుకాని రోగమో అవిటితనమో అన్నా ఉండాలి. పంట తింటోంది అన్నది కారణం కాదు. న్యాయమే. మరి పంట ఖరీదు ఎవరు కట్టాలి? పరిహారం ఉంది. అయితే దాని కోసం తిరగడంలో పోయే కూలి దినాలు పరిహారంలో కలపరు.

పాత కర్నూలు జిల్లా రోళ్ళపాడు కథ మనవాళ్ళు మర్చిపోకూడదు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. రక్షణ దొరకడంతో కృష్ణజింకలు పెరిగాయి. పెరిగినవి అభయారణ్యం గీత చూసుకుని మేయవు కదా, చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. రైతులకి అటవీశాఖ మీదా, ఆ అభయారణ్యం మీదా, ఆ పిట్ట మీదా కోపం ముదిరింది. ఇవాళ అక్కడ బట్టమేక పిట్ట కనబడటమే గగనమైంది. ఒక్క జింకల వల్లే అని కాదు, గడ్డినేలలు పోవడం లాంటివి ఇంకా చాలా కారణాలున్నాయి. కానీ ఊళ్ళో మనుషుల మనసు విరిగాక ఏ జంతువునీ కాపాడలేమన్నది మాత్రం అక్కడ కళ్ళారా కనిపించిన సంగతి.

పోయిన ఏడాది నేను కృష్ణా మండలం వైపు వెళ్ళింది ఫోటోల కోసం కాదు, అబద్ధం చెప్పను, సగం ముడుమాల నిలువురాళ్ళ కోసం. యునెస్కో తాత్కాలిక జాబితాలోకి 2025లో ఎక్కాయి కదా, ఒకసారి చూద్దామని. అక్కడికి దగ్గరలో ఒక కంది చేను గట్టు మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి, ఎరుపు, పసుపు, ఒకటి పెళ్ళి చీరలా ఉంది. గాలికి చీర ఊగితే మనిషనుకుని జింక బెదురుతుందని ఆశ. నాలుగు రోజులు బెదురుతుంది, ఐదో రోజు దాని కిందనుంచే దూరి వస్తుంది. ఒక మూల మంచె ఉంది. అమెరికాలో దుప్పిని చంపడానికి చెట్టెక్కి కూర్చుంటారు, ఇక్కడ జింకని చంపకుండా తరమడానికి మంచె ఎక్కి కూర్చుంటారు. నిద్ర మాత్రం ఇద్దరికీ ఉండదు.

నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట: "ఫోటోలకా సారూ? బండి ఆ చెలకలకు తోలకు, నీ కాళ్ళు మొక్కుత." అంతకు ముందు వారం ఎవరో వచ్చారట. రెండు కార్లు, పైన ఎగిరే మిషను ఒకటి. ఆ చప్పుడుకి మంద మొత్తం బెదిరి ఈయన చేలోంచి పక్క చేలోకి, అక్కణ్ణుంచి మళ్ళీ ఈయన చేలోకి. "అవి తిన్నది కొంచమే సారూ, ఉరికి తొక్కిందే ఎక్కువ" అన్నాడు. ఎవరినీ తిట్టలేదు. వాళ్ళు నీళ్ళ బాటిళ్ళు ఇచ్చారని కూడా చెప్పాడు.

తర్వాత గంటసేపు ఆయన చెప్పింది వింటుంటే నాకు పెన్సిల్వేనియా పెద్దాయన గుర్తొచ్చాడు. మంద పొద్దున ఎటు నుంచి దిగుతుంది, నల్ల మగది రోజూ ఏ దిబ్బ మీద నిలబడి మిగతా మగవాటిని తరుముతుంది, తల్లి పిల్లని ఏ గడ్డిలో పడుకోబెట్టి పోతుంది, మబ్బు పట్టిన రోజు ఎంత ఆలస్యంగా వస్తాయి. పిల్ల దగ్గరికి మనిషి పోతే తల్లి దూరంగా నిలబడిపోతుందనీ, ఈలోపు కుక్కలు చూస్తే పిల్ల పని అయిపోయినట్టేననీ ఆయనే చెప్పాడు. ఏ పుస్తకమూ చదవకుండా. అంత తెలిసిన మనిషిని దాటుకుని, ఆయన చేను తొక్కుకుంటూ పోయి, జింక ఎక్కడుందో అని మనవాళ్ళు బైనాక్యులర్స్‌లో వెతుక్కుంటారు!

"మిమ్మల్ని ఎవరన్నా అడిగారా, జింకలెక్కడుంటాయని?" అన్నా. "మమ్ముల ఏమడుగుతరు సారూ, మేం వాటికి దుష్మన్లమాయె" అని నవ్వాడు.

అక్కడ జింకల పార్కు పెడతామనీ, పట్టి నల్లమలకి తరలిస్తామనీ మాటలు ఏళ్ళుగా వింటున్నారు వాళ్ళు. తరలించడం అసాధ్యమేమీ కాదు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్ షాజాపూర్ వైపు హెలికాప్టరుతో మెల్లగా తోలి, గరాటు ఆకారంలో కట్టిన దడిలోకి రప్పించి ఎనిమిది వందలకి పైగా కృష్ణజింకల్ని పట్టి అభయారణ్యాలకి పంపారు. అయితే దానికి ముందు కావలసింది లెక్క. ఏ మంద ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని, ఏ పంటలో. ఇంకా చెప్పాలంటే కృష్ణజింక గడ్డినేల జంతువు, దట్టమైన అడవిలో వదిలితే అక్కడ ఏం చేస్తుందన్నది కూడా ఆలోచించాలి.

మరి ఈ లెక్క ఎవరి దగ్గరుంది? మన హార్డు డిస్కుల్లో! ప్రతి ఫోటోలో తేదీ, గంట, అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయి. నాలుగైదేళ్ళుగా వారం వారం పోయి తీసినవాళ్ళ దగ్గర ఒక శాఖ జీతాలిచ్చి చేయించాల్సినంత సర్వే పడి ఉంది. మనం దాన్ని ఏం చేస్తున్నాం? పది వేలలో మూడు ఫోటోలు ఏరి, రంగులు దిద్ది, మిగతావి డిలీట్ చేస్తున్నాం. డిలీట్ చేసిన వాటిలోనే ఉంది రైతుకి పనికొచ్చే బొమ్మ. కందిలో తల దూర్చి మేస్తున్న మంద. అందంగా ఉండదు, నిజమే. మండల వ్యవసాయాధికారి ముందు పెట్టడానికి అందంతో పనిలేదు, తేదీ ఉంటే చాలు.

మా మిత్రుడొకడు దీనికి గట్టిగా అడ్డం తిరిగాడు. వాడు మంచి ఫోటోగ్రాఫరు. "మా ఫోటోల వల్లే జనానికి అక్కడ జింకలున్నాయని తెలిసింది, అవగాహన పెరిగింది" అన్నాడు. పెరిగిన అవగాహన నాకూ కనిపించింది, రెండు కార్లూ ఒక డ్రోనూ రూపంలో. సరే, వాడన్నదాంట్లో కొంత నిజం ఉంది. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర నిజాముల వేటమైదానం 1975లో హరిణ వనస్థలి అయ్యిందంటే, దాన్ని చూసి మురిసిపోయే పట్నం జనం ఉండబట్టే ఇంకా ప్లాట్లు కాకుండా మిగిలింది. కానీ వనస్థలికి గోడ ఉంది, లోపల ఎవరి కందీ లేదు. నారాయణపేటలో గోడ లేదు. అభయారణ్యంలో ఫోటో తియ్యాలంటే పర్మిట్ కావాలి, చేలో తియ్యాలంటే ఏమీ అక్కర్లేదు. నిజానికి చేలోనే ఎక్కువ కావాలి, ఎందుకంటే అక్కడ నీ సరదాకి ఖర్చు పెట్టుకుంటున్నవాడు గట్టు మీదే కూర్చుని ఉన్నాడు.

వాడి రెండో వాదన ఇంకా తమాషా. "రైతుకి డబ్బులిస్తే అదొక వ్యాపారమైపోతుంది" అట. వాడి లెన్సు ఎనిమిది లక్షలు. ఆ లెన్సు అమ్మినవాడికి డబ్బులిస్తే వ్యాపారం కాలేదు, పెట్రోలు బంకువాడికిస్తే కాలేదు, మక్తల్‌లో టిఫినుకిస్తే కాలేదు. నాలుగు గంటలు జాడ చెప్పి, మంచె మీద చోటిచ్చిన మనిషికి ఒక రోజు కూలి ఇస్తే మాత్రం అడవి తల్లి అపవిత్రమైపోతుంది!

మంచె అన్నాను కదా, అది ఊరికే అన్నమాట కాదు. ఫోటో కోణంలో చూసినా కారు కిటికీ కన్నా మంచె నయం. ఎత్తు, నీడ, కదలని మనిషి. మంచె మీద మనిషికి ఆ మంద అలవాటు పడే ఉంటుంది, కాసేపటికి దాని మానాన అది ఉంటుంది. ఎగిరే జింక దొరకదు. మేసేది, పోట్లాడుకునేది, పిల్లని నాకేది దొరుకుతుంది. పెన్సిల్వేనియాలో నా దగ్గర మిగిలిన వీడియోల్లో ఒక్క దుప్పి కూడా పరిగెత్తదు. తోక పైకెత్తి తెల్లగా ఊపిందంటే మనం దొరికిపోయామని అర్థం, ఆ క్లిప్ పెద్దాయన అక్కడికక్కడే తీసేయించేవాడు. తన జాతి వాళ్ళకి అది చూపించడం పరువు తక్కువ. మనవాళ్ళకి అదే అవార్డు ఫోటో.

ఆ గట్టు మీద పెద్దమనిషితో నేను మాట్లాడుకున్నది ఇదీ. కంది పూతకి వచ్చే రోజుల్లో నలుగురం వస్తాం, ఒక్క కారు, తారు రోడ్డు మీదే ఆపుతాం. రెండు రాత్రులు మంచె మీద కాపలా మాది, ఆయన ఇంటికెళ్ళి పడుకుంటాడు. పొద్దున ఫోటోలు మావి. తీసినవన్నీ తేదీలతో పెన్‌డ్రైవులో ఆయన కొడుక్కి, ఇంకో కాపీ రేంజి ఆఫీసుకి. ఊరి పేరు, చేను గుర్తులు ఎక్కడా పెట్టం. కూలి ఎంతని అడిగితే చెప్పలేదు, "జూద్దాం తియ్" అన్నాడు. ఒకటి మాత్రం గట్టిగా అడిగాడు: మంచి చార్జింగు లైటు, దూరం కొట్టేది. తన దాని బ్యాటరీ గంటకే అయిపోతోందట. అదింకా కొనాలి. మాలో ముగ్గురం తేలాం, మంచె మీద ఇంకొకరికి చోటుంది. గురక పెట్టేవాళ్ళు వద్దు.